ఎవాంజలిన్ గీసిన పట్టిక

ఎవాంజలిన్ ప్రభుత్వ ఆస్పత్రి రికార్డు గదిలో చేరి పందొమ్మిదేళ్లయింది. ఇల్లు కంచరపాలెంలో, రైలు పట్టాల పక్క వీధిలో. ఇంటికి వెళ్లినవాళ్ల కేసు షీట్లు ఒక పక్క, చనిపోయినవాళ్లవి మరో పక్క పెట్టుకుని, పేరు, వయసు, ఊరు, జబ్బు, జబ్బుపడ్డ ఎన్నో రోజున ఎక్కడినుంచి వచ్చారు, అన్నీ పుస్తకంలోకి ఎక్కించడం ఆమె పని. డాక్టర్లు ఆ గదికి వచ్చేది తక్కువ. రోగులకైతే అలాంటి గది ఒకటుందనే తెలియదు.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఏడాది, మే నెల మొదట్లో, ఓ పత్రికలో ఆస్పత్రులవారీగా మరణాల లెక్క వచ్చింది. వీళ్ల ఆస్పత్రి పేరు అన్నిటికంటే పైన ఉంది. వందమంది చేరితే పద్దెనిమిది మంది పోతున్నారట. ఓ ప్రైవేటు ఆస్పత్రిలో నలుగురేనట. ఆ కాగితం ఫోన్లలో తిరిగి తిరిగి, రెండు రోజుల్లోనే జనం నోట వీళ్లది ‘సావులాస్పత్రి’ అయిపోయింది.

సరిగ్గా అప్పుడే ఆమె తమ్ముడు జాన్‌బాబుకు జ్వరం తగిలింది. పోర్టులో క్రేన్ నడిపేవాడు. యాభై ఒక్క ఏళ్లు, పదేళ్లుగా సుగరు. మూడో రోజున ఎవాంజలిన్ ఫోన్ చేసింది.

“ఆయాసం ఏటైనా ఉందేటిరా?”

“మెట్లెక్కితే కొద్దిగా ఉంటందక్కా.”

“అయితే ఇప్పుడే వచ్చీ. నాను డాక్టరమ్మతో మాటాడతాను.”

“మీ ఆస్పత్రికా? పేపరు సూడనేదా? అక్కడికెల్లినోళ్లు తిరిగి రావట్లేదంట. నాను ఇంటికాడే ఉంటాను.”

పత్రికలో వేసిన అంకెలు ఆమె రాసిన పుస్తకంలోవే. అబద్ధమని ఎలా అంటుంది?

ఎనిమిదో రోజున అతని భార్య విమలమ్మ ఆటోలో పడుకోబెట్టి తీసుకొచ్చింది. ఆక్సిజన్ అరవై ఎనిమిదికి పడిపోయి ఉంది. మర్నాడు మధ్యాహ్నం జాన్‌బాబు పోయాడు. శ్మశానంలో పాస్టరుగారు దూరంగా నిలబడి ప్రార్థన చేశారు. ఉన్నది ఎనిమిది మంది.

నాలుగు రోజుల తర్వాత ఆమె పనిలోకి వచ్చేసరికి తమ్ముడి కేసు షీటు బల్లమీదే ఉంది.

“అది నాను రాసీస్తానులే, అక్కా,” అంది పక్క బల్ల నూకాలు.

“వద్దు. నా తమ్ముడు. నానే రాస్తాను.”

రాసింది. వయసు యాభై ఒకటి. సుగరు ఉంది. జ్వరం వచ్చిన ఎనిమిదో రోజున చేరాడు. తలెత్తబోతూ పై వరుసలో ఉన్న మరో రోగి వివరాలు చూసింది. అతనికీ యాభై ఒకటే, అతనికీ సుగరే. మూడో రోజున వచ్చాడు. పది రోజుల్లో నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు. ఆ రెండు వరుసలనూ చాలాసేపు చూసి, ఆమె వెనక పేజీలు తిప్పడం మొదలుపెట్టింది.

వారం రోజులు మధ్యాహ్నం భోజనం వేళ నూకాలు చదువుతూంటే ఎవాంజలిన్ గీతలు గీసి పట్టిక తయారుచేసింది. చేరినవాళ్లలో సగానికి పైగా అరవై దాటినవాళ్లు. పోయినవాళ్లలో చాలామందిని వేరే ఆస్పత్రులు చెయ్యి దాటిపోయాక ఇక్కడికి పంపాయి. ఆ చావులన్నీ ఇక్కడి లెక్కలో పడ్డాయి. తొందరగా వచ్చినవాళ్లు ఎక్కువమంది బతికారు. పెద్ద వయసు, సుగరు, కిడ్నీ జబ్బు కలిసి ఉన్నవాళ్లలో తొందరగా వచ్చినా కొందరు పోయారు. ఆ అంకెను ఆమె దాచలేదు. పత్రికలో లెక్క వచ్చాక జనం అంతకుముందు కంటే రెండు రోజులు ఆలస్యంగా వస్తున్నారని కూడా తేలింది.

పట్టిక పట్టుకెళ్లి కరోనా వార్డు చూసే డాక్టర్ పద్మావతికి ఇచ్చింది. డాక్టరు అది రెండుసార్లు చదివింది.

“మా నర్సులు రోజూ తిట్లు తింటున్నారు, ఎవాంజలిన్‌గారూ. ఎందుకిలా అవుతోందో వెతికే తీరిక మాకు లేకపోయింది,” అంది. పట్టికను పై అధికారులకు పంపి, రావడానికి భయపడేవాళ్లకు ఈ లెక్క చెప్పమని ఆమెను ఆస్పత్రి ఫోన్ దగ్గర కూర్చోమంది.

ఓ ఉదయం సబ్బవరం నుంచి శ్రీరామ్మూర్తి అనే రైతు ఫోన్ చేశాడు. “మా ఇంటిది రానంటందమ్మా. సావులాస్పత్రికి తోలీస్తావా అని ఏడుస్తంది.”

“జొరం ఎన్నాళ్లయింది?”

“ఇయాల్టికి మూడ్రోజులు. సుగరుంది. అరవై మూడేళ్లు.”

“ఫోన్ ఆవిడకి ఇయ్యండి.”

అవతల అతని భార్య చిలకమ్మ ఊపిరి వినిపించింది.

“అమ్మా, ఇక్కడ చానామంది పోయిన మాట నిజమే,” అంది ఎవాంజలిన్. “నా తమ్ముడూ ఇక్కడే పోయాడు. ఎనిమిదో రోజున వచ్చాడు. అలా ఆలస్యంగా వచ్చిన సుగరోళ్లలో సగం మందే బతికారు. మీ వయసోళ్లు, సుగరున్నోళ్లు, మూడ్రోజుల్లోపు వస్తే పదిమందిలో ఎనిమిది మంది ఇంటికెల్లారు. ఆ లెక్క నానే రాశాను.”

“మరా ఇద్దరో?”

“ఆ ఇద్దర్లో మీరుండరని నాను సెప్పలేనమ్మా.”

“పోన్లే, అబద్ధం సెప్పనేదు నువ్వు,” అంది చిలకమ్మ. “వత్తాను.”

ఆ మధ్యాహ్నమే వచ్చింది. చేరిన ఆరో రోజున జబ్బు బాగా తిరగబెట్టింది. శ్రీరామ్మూర్తి గేటు బయటే రెండు రోజులు కూర్చున్నాడు. పదిహేనో రోజున ఆమెను ఇంటికి పంపారు.

ఆదివారం ఎవాంజలిన్ మరదలి ఇంటికి వెళ్లి ఇదంతా చెప్పింది. విమలమ్మ వింటూ వింటూ చేతిలో గిన్నె కింద పెట్టేసింది.

“ఈ మాట మీ తమ్ముడికి సెప్పుంటే వచ్చీసేవోడు కదా, వదినా?”

“అప్పటికి నాకూ తెలీదు, విమలా.”

విమలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఎవాంజలిన్ ఆమె పక్కనే నేలమీద కూర్చుంది. ఆమె వీపుమీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది.