దొరకని నరం

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. ఆ రోజు బంద్. ఆఫీసు క్యాబ్ రాలేదు, షేర్ ఆటోలూ లేవు. మాదాపూర్‌లోని మా ఆఫీసు నుంచి కొత్తగూడలో ఇంటికి నడిచే బయల్దేరాను. ఎప్పుడూ హారన్లతో హోరెత్తే హైటెక్ సిటీ రోడ్డు ఎండలో కునుకు తీస్తున్నట్టుంది. సగం దారిలో అరికాళ్లు తిమ్మిరెక్కాయి. దూది మీద నడుస్తున్నట్టు అనిపించింది. నడక అలవాటు తప్పిందిలే అనుకున్నాను.

మర్నాటికి తిమ్మిరి మోకాళ్లదాకా పాకింది. బాత్‌రూమ్‌లో కూలబడి లేవలేకపోయాను. మా ఆయన యాదగిరి ఎత్తుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాడు. డాక్టర్ చిన్న సుత్తితో మోకాలి మీద కొట్టారు. కాలు ఉలకలేదు, పలకలేదు. ఈమధ్య విరేచనాలేమైనా అయ్యాయా అని అడిగారు. కిందటి వారమే అయ్యాయి. నర్వ్ కండక్షన్ టెస్ట్ చేశారు, నడుములోంచి నీరు తీశారు. గిలియన్ బారే సిండ్రోమ్ అని తేల్చారు.

"మీ మెదడు ఆర్డర్లు ఇస్తూనే ఉంది, వెన్నుపాము పంపిస్తూనే ఉంది. అక్కణ్ణుంచి చేతులకీ కాళ్లకీ వెళ్లే నరాల మీద మైలిన్ అని ఒక పూత ఉంటుంది. విరేచనాల క్రిములతో పోరాడిన మీ ఇమ్యూన్ సిస్టమే పొరపాటున దాన్ని తినేస్తోంది," అన్నారు డాక్టర్. పూత మళ్లీ వస్తుందట, కానీ మెల్లగా. అప్పట్నుంచి నరం అన్న మాట ఎక్కడ వినపడ్డా చెవులు రిక్కించేదాన్ని.

చేతులు పడిపోయాయి, ముఖం బిగుసుకున్నట్టయింది. ఊపిరి కష్టమైతే వెంటిలేటర్ పెట్టారు. కళ్లు మాత్రం తిప్పగలిగేదాన్ని. పైకి చూస్తే అవును, కిందికి చూస్తే కాదు. నా కాపురమంతా ఆ రెండు మాటల మీదే నడిచింది.

ఐసీయూలో కలలకి కొదవలేదు. కళ్లు తెరిచున్నా వచ్చేవి. ఆ ఖాళీ రోడ్డు మీద నేలకి జానెడెత్తున తేలుతూ పోయేదాన్ని. అద్దాల మేడలు నీళ్లలో నీడల్లా మెల్లగా ఊగేవి. మా మూడేళ్ల పాప ఎదురొచ్చి ఎత్తుకోమనేది. చూసుకుంటే నాకు చేతులుండేవి కావు. ఈ జబ్బులో అలాంటి కలలు మామూలేనని తర్వాత డాక్టర్ చెప్పారు. నాకు మాత్రం ఒకటే దిగులు, పాపని మళ్లీ ఎత్తుకుంటానా అని.

ఐవీఐజీ అనే మందు సూదితో ఎక్కించేవారు. ఒక మధ్యాహ్నం గోదావరి వైపు నుంచి వచ్చిన సిస్టర్ మేరీ నా చెయ్యి అటూ ఇటూ తిప్పి, తట్టి చూసి, తన సీనియర్‌తో అంది: "ఈవిడకి నరమే దొరకట్లేదండీ. రెండు చేతుల్లోనూ లేదు."

అయిపోయింది అనుకున్నాను. పూత మాత్రమే పోయిందన్నారు, ఇప్పుడు నరాలే లేవంటున్నారు. డాక్టర్ మొహమాటపడి చెప్పలేదు కాబోలు. ఇక కళ్లు తిప్పడం కూడా మానేశాను. కలలోకి వెళ్లిపోవడమే సుఖంగా తోచింది.

సాయంత్రం యాదగిరి వచ్చి ఎంత పలకరించినా చూపు కదపలేదు. అతను వదల్లేదు. నొప్పా అని, పాప యాదికొచ్చిందా అని ఒక్కొక్కటే అడిగాడు. చివరికి, "ఎవరన్న ఏమన్న అన్నరా?" అన్నాడు. కళ్లు పైకెత్తాను. డాక్టరా అంటే కిందికి చూశాను. సిస్టరా అంటే పైకి.

పిలిచి అడిగితే మేరీకి మొదట అర్థం కాలేదు. "నేనేమన్నానండీ? నరం దొరకట్లేదన్నాను, అంతేగా..." అని ఆగిపోయింది. గబగబా వచ్చి నా చెవి దగ్గర వంగింది.

"అమ్మా, నేను వెతికింది రక్తం పారే నరం. సూది గుచ్చడానికి. డాక్టరు గారు చెప్పిన నరాలు వేరండీ. అవి ఎక్కడికీ పోలేదు."

రెండింటికీ మనం వాడేది ఒకటే మాట. నా కళ్ల నుంచి నీళ్లు కారాయి. మేరీయే తుడిచింది. యాదగిరి, "జర చెప్పి గుచ్చున్రి సిస్టర్. మా ఇంటామె సాఫ్ట్‌వేర్ టెస్టరు, అన్నిట్ల తప్పులే ఎతుకుతది," అన్నాడు.

వెంటిలేటర్ తీశాక న్యుమోనియా వచ్చి మళ్లీ పెట్టారు. దాన్నీ దాటాను. ముందు భుజాలు కదిలాయి, వేళ్లు చివరికి. పాపని ఎత్తుకునేసరికి అది బడికి వెళ్లేంత పెద్దదైంది. ఫిజియోథెరపిస్ట్ వద్దన్నా ఎత్తుకున్నాను. ఇద్దరం కలిసి మంచం మీద పడ్డాం, అది ఒకటే నవ్వు.

ఈలోగా తెలంగాణ వచ్చింది. నేనూ ఉద్యోగంలో చేరాను. పొద్దుగూకేసరికి పాదాలు మొద్దుబారతాయి, చెప్పు జారిపోయినా తెలియదు. దానికి అలవాటు పడ్డాను.

మీ ఇంట్లో ఎవరైనా అలా కదలకుండా పడుకుని ఉంటే, మంచం పక్కన ఎవరు ఏ మాట అన్నా దాని అర్థం వాళ్లకి విప్పి చెప్పండి. జవాబు రాలేదని వినలేదనుకోకండి. నేను ప్రతి మాటా విన్నాను.