మా వీధికి పోలీసు కావాలని

జనక్‌పురిలో బస్సు దిగాక మా ఇంటికి చాలా దూరం నడవాలి. ఆ దారిలో వీధిదీపాలు పేరుకే. ఆస్పత్రిలో నర్సుగా పనిచేసే అమ్మ డ్యూటీ దిగి ఆ దారినే వచ్చేది. ఒక చలికాలం సాయంత్రం ఎవడో వెనక నుంచి వచ్చి ఆమె పెళ్లినాటి గొలుసు తెంపుకుపోయాడు. మెడ మీద ఎర్రటి గీత చాలా రోజులు ఉంది.

ఠాణాలో ఉన్నాయన మంచివాడే. "మనుషుల్లేరు సిస్టర్‌జీ. సర్కారు పైసలిస్తే కొత్తవాళ్లను భర్తీ చేస్తాం" అని హిందీలో చెప్పాడు. కాలనీ అంకుల్స్ అందరూ కలిసి అర్జీ పెట్టారు. అమ్మ ఇంకో దారి చూసుకుంది. శుక్రవారాలు మా తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థనకు కూడేవి. పిల్లల పరీక్షలు, ట్రాన్స్‌ఫర్లు, మోకాళ్ల నొప్పులు, ఒక్కొక్కరూ తమ మనవి చెప్పుకునేవారు. అమ్మ లేచి, "మా వీధికి పోలీసులు కావాలండీ, ప్రార్థన చెయ్యండి" అంది. నాకు నవ్వాగలేదు. అమ్మ తొడపాశం పెట్టింది.

ఏడాది తిరక్కుండానే ప్రభుత్వం డబ్బు మంజూరు చేసిందనీ, కానిస్టేబుళ్లను తీసుకుంటారనీ నాన్న పేపర్లో చదివి వినిపించారు. ఆ శుక్రవారం అమ్మ కళ్లు తుడుచుకుంటూ, దేవుడు ప్రార్థన విన్నాడని అందరి ముందూ సాక్ష్యం చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు.

ఇంటికొచ్చాక, బి.ఏ. తప్పి ఖాళీగా ఉన్న అన్నయ్య, "నేనూ అప్లై చేస్తానమ్మా" అన్నాడు.

అమ్మ మొహం పాలిపోయింది. గొడవల్లో తలలు పగిలి వచ్చిన కానిస్టేబుళ్లకు కట్లు కట్టే మనిషి. "నీకెందుకురా ఆ ఉద్యోగం? ఇంకేం దొరకదా?"

"నువ్వే కదా అడిగావు? వాళ్లు ఎక్కడ్నించి వస్తారనుకున్నావు? ఎవరో ఒకళ్ల ఇంట్లోంచేగా!"

అన్నయ్య అప్లై చేశాడు. అర్జీ మీద సంతకాలు పెట్టిన అంకుల్స్ మాత్రం తమ కొడుకుల్ని బ్యాంకు పరీక్షలకు కోచింగులో చేర్పించారు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

తర్వాతి శుక్రవారాలు మనవులు అడిగినప్పుడల్లా అమ్మ తలొంచుకు కూర్చునేది. కావాలని అడిగిన నోటితో వద్దని ఎలా అడుగుతుంది? అన్నయ్య పరుగులో నెగ్గాడు, ఛాతీ కొలతలోనూ నెగ్గాడు. పోస్టింగు యమునకు అవతల వచ్చింది. మా వీధికి ఎవరూ రాలేదు. అమ్మ బోసి మెడతో ఆ చీకట్లోనే నడిచి వచ్చేది.

ఒకరోజు టిఫిన్ డబ్బా ఇవ్వడానికి అమ్మ వార్డుకు వెళ్లాను. స్ట్రెచర్ మీద ఖాకీ బట్టల్లో ఉన్న మనిషిని తెచ్చారు. కాలు నెత్తురోడుతోంది. ఎవరొచ్చినా ముందు దెబ్బ చూసే అమ్మ, ఆరోజు పరిగెత్తుకెళ్లి మొహం చూసింది. అన్నయ్య కాదు.

"దేవుడికి స్తోత్రం" అంది, పైకే.

ఆ కుర్రాడు కళ్లు తెరిచి అమ్మ వైపు చూశాడు. తెలుగు తెలియకపోయినా ఆమె మొహంలో సంతోషం కనిపించే ఉంటుంది. అమ్మ సిగ్గుతో కుంచించుకుపోయింది. గబగబా దూది అందుకుని, అతని కాలు పట్టుకుని, "మీ అమ్మ ఎక్కడుంటుంది బేటా?" అని హిందీలో అడిగింది.