బెల్లం తట్టల కూసున్న సైంటిస్టు

నా పచ్చ సల్వార్‌ను నిన్నటి సంది మూడు సార్లు ఉతికిన. ఇంకా బంకబంకగనే ఉన్నది! నవ్వకుండ వింటమంటే చెప్త.

నా పీహెచ్‌డీ మీకు ఎరుకే కదా. కట్టె ముక్కను మంటల ఏస్తే వేడి పైనుంచి నడిమిదాక ఎంతసేపట్ల పోతదో కంప్యూటర్ల లెక్క కట్టుడు. "శుక్రవారం లోపల అసలు కట్టెతోని సరిచూసుకొని రా, లేకుంటే రివ్యూకు రాకు" అన్నడు మా గైడ్ సారు. ఇగ నిన్న పొద్దుగాల్నే లాప్‌టాప్, టెంపరేచర్ మీటరు పట్టుకొని బోధన్ దగ్గర బెల్లం గానుగకు పోయిన.

అక్కడ పొయ్యి చూసుకునేది ఖలీల్ చాచా. బొటనవేలంత తుమ్మ ముక్క ఇచ్చిండు. దానికి బొక్క పొడిచి, నడిమిట్ల మీటరు వైరు పెట్టిన.

"చాచా, సరిగ్గ రెండు నిమిషాలల్ల నడిమిదాక కాలుతది. కంప్యూటర్ చెప్పింది!"

చాచా నవ్విండు. "నాలుగు దాటుతది బేటీ. పచ్చిగున్నది."

"నీకేం తెలుసు చాచా, ఇది సైన్సు!" అన్న. ఎంత పొగరో చూడుండ్రి నాకు.

ముక్కను మంటల పెట్టిన. మీటరు వంద డిగ్రీల దాక ఉరికింది. అక్కడ ఆగింది. రెండు నిమిషాలాయె, మూడాయె... కదల్తలేదు! మీటరు ఖరాబైందని రెండు దెబ్బలేసిన.

"దాన్నెందుకు కొడ్తవ్ బేటీ? లోపలి నీళ్ళు ఇంకుతున్నయ్. అయి పోయినంకనే కట్టె కాలేది" అన్నడు చాచా.

లాప్‌టాప్ తెరిచి చూస్తే, కట్టెల తడి నలభై శాతం అని కొట్టాల్సిన కాడ నాలుగు కొట్టిన! సున్నా మింగిన! ఆరు నెలల సంది గదే తప్పుతోని లెక్కలు కడుతున్న.

నలభై కొట్టి మళ్ళ రన్ చేసిన. నాలుగున్నర నిమిషాలు వచ్చింది. మీటరు కూడ సరిగ్గ నాలుగున్నర నిమిషాలకే వంద దాటి ఉరికింది!

"చాచా, కలిసింది!" అని ఎగిరి రెండడుగులు ఎనుకకేసిన. ఎనుక పాకం చల్లారబోసిన పెద్ద తట్ట ఉన్నది. పచక్! నడిమిట్ల కూసున్న. కాలలేదు, గోరువెచ్చగనే ఉండె. గని లెవ్వొస్తలేదు!

"జల్ది లే బేటీ! ఇంకింతసేపైతే నువ్వు గూడ బెల్లం అచ్చయితవ్!" అని చాచా రెండు చేతులు పట్టి గుంజిండు. నవ్వలేక ఆయనకు కండ్లల్ల నీళ్ళొచ్చినయ్. ఆ తట్ట బెల్లం మొత్తం బర్లకే పోయింది. నేను చున్నీ నడుముకు చుట్టుకొని బస్సెక్కిన.

బస్సుల సీట్లన్ని ఖాళీ. నేను నిలబడ్డ. కండక్టర్ రెండు సార్లు "కూసో మేడం" అన్నడు. "వద్దన్నా" అన్న. పక్క సీట్ల ఒక అవ్వ నన్ను పైనుంచి కిందిదాక చూసి, దగ్గరికి పిలిచి మెల్లగ అడిగింది:

"మొలలా బిడ్డా? మా ఊర్లె ఒకాయన మంచి పసరు ఇస్తడు."

హీట్ ట్రాన్స్‌ఫర్, తడి శాతం, బెల్లం... ఇదంత యాడ చెప్పాలె? "అవునవ్వా" అని ఆయన అడ్రస్ రాసుకున్న!