నడిచినప్పుడల్లా

మా పెద్దబాపు సోమలింగం సూరత్‌లో నలభై ఏళ్లు సాంచాలు నడిపాడు. మరమగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు. పద్దెనిమిదో ఏట సిరిసిల్ల నుంచి వచ్చి లింబాయత్‌లో అద్దెగదిలో దిగాడు. అక్కడే పెళ్లి చేసుకున్నాడు, అక్కడే షుగర్ తెచ్చుకున్నాడు. మనిషి మహా మాటకారి. సేఠ్ మీద జోకు వేస్తే సేఠే పడీపడీ నవ్వేవాడు. తన ఒంటి సంగతి ఎత్తితే మాత్రం ఠక్కున మాట మార్చేసేవాడు. నాకు ఒళ్లు మండేది.

షుగర్‌తో అరికాళ్లు మొద్దుబారాయి. రెండువేల ఇరవైలో, మొదటి లాక్‌డౌన్ ఎత్తేశాక, కుడికాలి బొటనవేలి కింద పుండు పడింది. మానడానికి మూడు నెలలు పట్టింది. అదే చోట మళ్లీ పుండు పడితే కాలు దక్కదని డాక్టర్ తెగేసి చెప్పాడు.

నేను సూరత్‌లోనే ఆల్థాన్‌లో, ఎవరి పాదానికి తగ్గట్టు వాళ్లకు బూట్లలో పెట్టుకునే ఇన్‌సోళ్లు తయారుచేసే చోట పనిచేస్తాను. మనిషి అద్దం మీద నిలబడితే కింది నుంచి స్కానర్ పాదం ఆకారాన్ని కంప్యూటర్‌లోకి తెస్తుంది. బరువు ఎక్కడ ఎక్కువ పడుతోందో చూసి, తెర మీద ఆ చోటు కింద పల్లం చేస్తాను. ఆ ఫైలు పంపితే మిషన్ ఫోమ్ దిమ్మను అచ్చం అలాగే చెక్కి ఇస్తుంది. డిసెంబరులో పెద్దబాపును తీసుకొచ్చి అద్దం ఎక్కమన్నాను.

"జర జూడు బిడ్డా, పలుగుతదేమో," అన్నాడు.

పుండు పడ్డ చోటు కింద ఆ పల్లాన్ని నాలుగుసార్లు మార్చాను. అంత జాగ్రత్తగా ఇంకెవరికీ చేయలేదు. కొత్త బూట్లలో ఇన్‌సోళ్లు పెట్టి చేతికిస్తూ, "నడిచినప్పుడల్లా ఇవి ఏసుకో పెద్దబాపూ. మర్చిపోతే ఊకోను," అన్నాను.

కొన్నాళ్లకే కరోనా మళ్లీ ముదిరింది. పనివాళ్లు ఊళ్లకు వెళ్లిపోయారు. ఎనిమిది సాంచాలు చూసుకునే పెద్దబాపుకు పన్నెండు అప్పగించారు. రోగం మోసుకెళ్తానేమోనన్న భయంతో నేను లింబాయత్ వెళ్లడం మానేసి, వారం వారం ఫోన్ చేసేదాన్ని.

"ఏసుకుంటున్నవా?"

"నడిచినప్పుడల్లా ఏసుకుంటున్న బిడ్డా. నువ్వు పైలం."

ఏప్రిల్‌లో పెద్దమ్మ భాగీరథి ఫోన్ చేసింది. పొద్దున గచ్చు తుడుస్తుంటే తడి అడుగులు కనిపించాయట, అన్నీ కుడికాలివే.

"గబ్బు వాసనొస్తున్నది హిమశ్రీ. ఆయనేమో నొప్పే లేదంటున్నడు."

మూడు ఆసుపత్రులు తిరిగాం. కరోనా రోగులకే మంచాల్లేవు, కాలి పుండుకు ఎక్కడి నుంచి తెమ్మంటారని కసిరారు. ఐదో రోజుకు మంచం దొరికింది. అప్పటికే విషం పైకి పాకింది. మోకాలి కిందికి తీసేశారు.

రెండు రోజులాగి ఆసుపత్రిలో పెద్దమ్మ సంచిలోంచి ఆ బూట్లు తీశాను. నేను చేసిన దాంట్లో తప్పెక్కడ జరిగిందో చూడాలని నా ఆరాటం. ఇన్‌సోళ్లు దాదాపు కొత్తవాటిలా ఉన్నాయి. పైబట్ట కూడా అంతగా నలగలేదు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"నాలుగు నెలలు అబద్ధం జెప్పినవ్ గదా పెద్దబాపూ!"

ఆయన బిత్తరపోయి చూశాడు. "అబద్ధమెందుకు జెప్త? ఇంటికాన్నుంచి గల్లీ చివరున్న కార్ఖానా దాకా నడిచినప్పుడల్లా ఏసుకున్న. సాంచా కాడ నేనేడ నడుస్త? పన్నెండు గంటలు నిలవడుడే గదా. రెండు సాంచాల సందుల మసలుడు గూడ నడుసుడేనా? మల్ల అన్నం పెట్టే సాంచా కాడికి చెప్పులేసుకొని పోతమా? గడప కాన్నే ఇడిసిపెట్టిన."

మా నాన్నదీ సాంచా పనే. సాంచా దగ్గరికి ఎవరూ చెప్పులతో వెళ్లరని ఊహ తెలిసినప్పటి నుంచీ నాకు తెలుసు. తెర మీద ఆ పాదాన్ని అన్ని వైపులా తిప్పి చూసినదాన్ని, అది రోజంతా ఎక్కడ ఉంటుందో ఆలోచించలేదు. నిలబడినప్పుడు కూడా వేసుకో అని ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ కాలు ఉండేదేమో. తప్పు నాదే. నా మీద నాకే అసహ్యం వేసింది.

పెద్దబాపు నా చెయ్యి పట్టుకున్నాడు. "మీ సారు నీ మీద కోపం జేస్తడా బిడ్డా? నీ నౌకరికి ఏమన్న అయితదా? మిషన్ల తప్పు లేదని జెప్పు. ముసలోడే ఏసుకోలేదని జెప్పు."

ఏమీ అనడులే అన్నాను. సెలవు కోసం చెప్పినప్పుడు కూడా మా సారు ఆ కాలి సంగతే అడగలేదని ఆయనకు చెప్పలేకపోయాను.