కుట్టేసిన కార్డు

ఆమె పేరు నేనడగలే. కరీంనగర్ల బస్సెక్కి చొప్పదండి పోతున్న. బ్యాంకు సారు ఫోన్ చేసి, "డిపాజిట్ మీద క్రెడిట్ కార్డు ఇస్తమన్నం గద, తీస్కుంటవా లేదా?" అని అడిగిండు.

మా బావ దుబాయి పోయేముందు నా పేరు మీద ఫోన్ కిస్తీల తీసుకున్నడు. అక్కడికి పోయినంక కిస్తీలు కట్టలే. బ్యాంకోళ్లు చూసే నా సిబిల్ స్కోరు పాడైంది. బాకీ మొత్తం నేనే కట్టిన. కార్డు వాడి టైముకు కడితే స్కోరు మళ్ల లేస్తదట. గని కార్డు చేతిల ఉంటే నేను ఆగుతనా, బావ అడిగితే లేదంటనా? "రేపు చెప్త సార్" అని పెట్టేసిన.

పక్క సీట్ల బుర్ఖా ఏస్కున్న పెద్దామె ఫోన్ల మాటలు విని, రేపెందుకన్నవని అడిగితే అంత చెప్పిన. బట్టలు కుడ్తదట. సంచిలకెల్లి చిన్న గుడ్డ తిత్తి తీసి నా చేతిల పెట్టింది. నాలుగు దిక్కుల కుట్టేసి ఉంది. లోపట కార్డు గట్టిగ తగిలింది.

"నాది గూడ గసొంటిదే బేటా. నెలకోసారి కుట్టు విప్పుత, గ్యాస్ బండ తెచ్చుకుంట, పైసలు కట్టేసి మళ్ల కుడ్త."

"నడుమ అవసరం పడితే ఎట్లమ్మా?"

"విప్పుతుంటే సగంలనే తెలుస్తది, అవసరమా, ఆశనా అని. ఫికర్ చెయ్యకు, బ్యాంకోళ్లిచ్చే కార్డు తీస్కో."

బస్సు దిగంగనే సారుకు ఫోన్ చేసిన.

కార్డొచ్చినంక నేను గూడ గుడ్డ తిత్తిల పెట్టి కుట్టేసిన. నా కుట్లు వంకరనే, గని గట్టివి. మొన్న బావ సెలవు మీద వచ్చిండు. "టీవీ తీస్కుంట, జర నీ కార్డియ్యి" అన్నడు. తిత్తి తెచ్చి చేతికిచ్చిన. అటు ఇటు తిప్పి చూసి, కత్తెర ఏదన్నడు.

లేదన్న.