దాసు మెకానిక్ గేరు పరీక్ష

గద్వాలలో దాసు మెకానిక్‌కు ఒకే ఒక పిచ్చి ఉంది. ఏ బండి బాగుచేసినా, అది సరిగ్గా అయిందో లేదో యజమానిని చూడనివ్వడు. ఆ ఇంటి ఆడమనిషే వచ్చి, డ్రైవరు సీట్లో కూర్చుని, గేరు వేసి "పడింది" అనాలి. అప్పటిదాకా తాళంచెవి దాసు చొక్కా జేబు దాటదు.

దీంతో నోరెళ్లబెట్టినవాళ్లు ఎంతమందో! రాజోలి నుంచి ట్రాక్టరు తెచ్చిన రైతు, ఎనభై ఏళ్ల తల్లిని బస్సులో రప్పించాల్సి వచ్చింది. ఆమె గేరు వేసి, "పడిందిరా కొడకా, ఇగ నన్ను దించుండ్రి!" అని బజారంతా వినబడేలా అరిచింది. ఇంకోసారి పెళ్లికారు ఆగిపోతే, కొత్త పెళ్లికూతురు సుమన నుదుటి బాసికంతోనే స్టీరింగు ముందు కూర్చుంది. ఫొటోలు తీసేవాడు బిత్తరపోయి కెమెరా ఎత్తడమే మరచిపోయాడు.

"మొగోడు బలంతోని నూకుతడు. చెడిపోయిన గేరు గూడ పడతది," అనేవాడు దాసు. "ఆడమనిషి చేతికి పడితేనే అది మరమ్మతు."

రాధమ్మకు ఇవన్నీ తెలుసు. తెలిసీ తప్పించుకోలేకపోయింది.

ఆమె భర్త వెంకట్రాములు పోయి నాలుగు నెలలు. ఆయన అంబాసిడర్ బాగా పాతది. గేరు కడ్డీ కింద కాకుండా స్టీరింగు పక్కన కొమ్మలా పొడుచుకొచ్చి ఉంటుంది. మరిది అశోక్ దానికి బేరం చూశాడు.

"ఇంట్ల నడిపేటోళ్లు లేరు గద వదినా. ఉండి ఏం లాభం? వనపర్తోళ్లు ఆదివారం వస్తరు."

అలా అని బండి తీశాడు. వీధి చివర తిరిగేలోపే గేరు కడ్డీ ఊడి చేతికొచ్చింది. దాన్ని పట్టుకుని అశోక్ నడిరోడ్డు మీద కొయ్యబారిపోయాడు. గుమ్మంలోంచి చూస్తున్న రాధమ్మ పరుగున వచ్చి దాన్ని అందుకుంది. ఆ కడ్డీ చివరి నల్లగుండు, వెంకట్రాములు అరచేయి రాసి రాసి అద్దంలా నునుపెక్కినది.

కారును షెడ్డుకు నెట్టించాక దాసు దాని కిందికి దూరి చూశాడు. "పిన్ను ఇరిగింది. బుష్షులు అరిగినయి. రేపు నువ్వు రా చెల్లె."

"నాకు నడపరాదు దాసన్నా!"

"నడపమన్ననా? గేరెయ్యమన్న."

మర్నాడు వెళ్లింది. నలభై ఏళ్లలో ఆ కారులో ఎడమ సీటు తప్ప ఎరుగని మనిషి, క్లచ్చి తొక్కి, కళ్లు మూసుకుని కడ్డీ లాగింది. మెత్తగా పడింది.

"పడిందన్నా!"

"పడలే," అన్నాడు దాసు తాపీగా. "నిలబడ్డ బండికి పడితే ఏం లెక్క? కదిలినప్పుడు పడాలె."

ఊరి బయటి మైదానానికి తీసుకుపోయాడు. కారు కప్పలా గెంతింది. మేస్తున్న మేకలు నాలుగు దిక్కులా పారిపోయాయి.

"ఆపు దాసన్నా, ఆపు!"

"బ్రేకు నీ కాలి కిందున్నది. నేనెట్ల ఆపుత?"

మూడోరోజు మలుపులో పడాలన్నాడు. నాలుగోరోజు ఎత్తు మీద. ఐదోరోజు వెనక్కి పోతూ. సాయంత్రం అశోక్ వచ్చేసరికి మాత్రం కారు షెడ్డులో బానెట్ ఎత్తుకుని రోగిలా ఉండేది.

"ఒక్క గేరుకు ఇన్ని దినాలా అన్నా?"

"ఇంకా కుదురుకుంటలేదు తమ్మీ."

ఆదివారం వనపర్తి బేరగాడు వచ్చాడు. "జర నడిపి సూపియ్యుండ్రి," అన్నాడు. దాసు తాళంచెవి తీసి రాధమ్మ చేతిలో పెట్టాడు. అశోక్ పకపకా నవ్వాడు. ఆ నవ్వు పూర్తికాకముందే కారు వెనక్కి వచ్చి, మలుపు తిరిగి, చప్పుడు లేకుండా రెండో గేరులో పడింది. అశోక్ నోరు మూయడం మరిచాడు. బేరగాడిని ఎక్కించుకుని మైదానం రెండు చుట్లు తిప్పి తెచ్చింది.

"బండి బంగారం లెక్కున్నది. ఇచ్చేయుండ్రి."

"ఇయ్య," అంది రాధమ్మ. తన గొంతు విని తానే ఉలిక్కిపడింది.

"వదినా! నడిపేటోళ్లు లేరనే గదా..."

"మరి ఇంతసేపు నడిపిందెవరు అశోకూ?"

బేరగాడు టీ తాగి బస్సెక్కాడు. ఆ టీ తెచ్చిన ఈదమ్మ, దాసు భార్య, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఆ గేరు మొదటి దినమే అయింది రాధమ్మా. పొద్దుగాల్నే నాతోని ఏయించి చూసిండు. ఆ పెళ్లికూతురు సుమనను గూడ పెళ్లయినంక గిట్లనే నెలరోజులు తిప్పిండు. ఇప్పుడు బడి వ్యాను తోలుతలేదా?"

రాధమ్మ విస్తుపోయి చూసింది. దాసు అప్పటికే ఇంకో బండి కిందికి దూరాడు. బయటికి రెండు కాళ్లే కనిపిస్తున్నాయి.

"లైసెన్సు తెచ్చుకో చెల్లె," అన్నాయి ఆ కాళ్లు. "గేరు మంచిగనే పడుతున్నది."

నెల తిరక్కుండానే అశోక్ జీపు క్లచ్చి పట్టేసింది. దాసు సాయంత్రానికల్లా బాగుచేసి, తాళంచెవి జేబులో వేసుకుని, "మీ ఇంటామెను తోలుకరా," అన్నాడు.

అశోక్ మొహం తెల్లబోయింది. "ఎన్ని దినాలు పడతదన్నా?"

"అది జీపు చేతిల లేదు తమ్మీ," అన్నాడు దాసు.