తాళం వేసిన కచేరీ

నెల క్రితం, ప్రయోగశాలలో నా ఆఖరి రోజున, కొవ్వొత్తి మంట మీద లక్క కడ్డీ కరిగించాను. ఎర్రని చుక్కలు గోధుమరంగు కవరు మీద పడి బిళ్ళకట్టాయి. కవరులో ఉన్నది ముఖ్యమైన కాగితాల పెట్టెకు మారు తాళపుచెవి. దాన్ని మా భవనానికి దూరంగా మరొకరి సంరక్షణలో ఉంచడం అక్కడ ఏటేటా జరిగే పని. ఆ ఘాటైన వాసన తగలగానే సింహాచలంనాయుడుగారు నా భుజం పక్కన నిలబడి, ముద్ర సరిగ్గా పడిందో లేదో వంగి చూస్తున్నట్టు అనిపించింది. అనిపించడం సాక్ష్యం కాదని నాకు తెలుసు. అయినా ఆ పద్ధతి ఆయన దగ్గర నేర్చుకున్నదే.

పంతొమ్మిదివందల అరవైల చివరి ఏళ్ళలో, భౌతికశాస్త్రంలో పట్టా పుచ్చుకుని, శ్రీకాకుళం జిల్లాలో వంశధారకు దగ్గరలోని ఒక తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరాను. నాయుడుగారు అక్కడ శిరస్తాదారు; తాసిల్దారు కింద కచేరీ పనంతా నడిపించే మనిషి. మెట్టపొలాల రైతు కుటుంబం నుంచి వచ్చినవారు. కాగితం మీద ఆయన భాష ఎంత గ్రాంథికమో, నోటి మాట అంత పల్లెది. సముద్రం మీంచి గాలివానలు వచ్చే కాలానికి ముందు, ఏడాదికొక శనివారం, ఆయన చేసే పని ఒకటుండేది. దాన్ని మొదటిసారి చూసినప్పుడు నాకు నాటకంలాగే కనిపించింది.

ఆ ఉదయం మేం సీట్లలో కూర్చోగానే ఆయన చప్పట్లు కొట్టారు.

"లెగండి, లెగండి. గాలివానకి కప్పెగిరిపోనాది. ఇంక ఈ కచేరీ నేదు. సాయంకాలం దాకా పనెలాగ సేస్తారో నాను సూడాల."

అందరినీ బయటికి పంపి తలుపుకు తాళం వేసి, ఆ చెవిని తాసిల్దారు ఇంటికి పంపేశారు. బంట్రోతు అప్పన్న ఒక ట్రంకుపెట్టెను నెత్తికెత్తుకున్నాడు. మేం అతని వెనకే నడిచి ఊరి చివర మిషను బడి వరండా చేరాం. పెద్దపంతులమ్మ రాహేలమ్మగారు మాకోసం బల్లలు వేయించి ఉంచారు. పెట్టెలో కచేరీ మారు ముద్ర, గ్రామాల జాబితాలు, ఉత్తర్వుల నకళ్ళు ఉన్నాయని నాయుడుగారు చెప్పారు. చెప్పారు అనే అంటున్నాను, ఎందుకంటే మధ్యాహ్నం దాకా వాటిని చూసినవాళ్ళు లేరు. పెట్టె తాళపుచెవి, నిబంధన ప్రకారం, కచేరీలోపల గోడ మేకుకు వేలాడుతోంది.

"బాగున్నాది బాబూ!" అన్నాడు అప్పన్న. "గాలివానని కూసింత ఆగమని సెప్పండి. ఒక్క పరుగున ఎల్లి సెవి అట్టుకొస్తాను."

వరండా అంతా నవ్వింది. నేను మాత్రం నాయుడుగారి వైపు తిరిగి, "ఈ ఏర్పాటు పనిచేస్తుందనడానికి రుజువేమిటండీ?" అని అడిగాను. కొత్తగా చేరిన గుమాస్తా గొంతులో ఉండకూడనంత పొగరు అందులో ఉండే ఉంటుంది.

"ఏటీ నేదు," అన్నారాయన. "ఉంటే తాళమెందుకేస్తాను? నువ్వు సైన్సు సదివినోడివి గదా. మెచ్చుకోడానికి ఈలందరూ ఉన్నారు. నువ్వు తప్పులు ఏరు."

ఏరాను. మధ్యాహ్నం తాసిల్దారు ఇంటినుంచి కచేరీ చెవి తెప్పించి, మేకుకున్న చెవితో పెట్టె తెరిచాక ఇంకా దొరికాయి. ముద్ర అద్దే సిరా గుడ్డ అట్టకట్టుకుపోయింది. జాబితాలోని గ్రామ మునసబుల్లో ఒకాయన చనిపోయి రెండేళ్ళయింది. అన్నిటికంటే పెద్ద లోపం, గోదాములోని సహాయపు బియ్యం విడుదల చేసే అధికారం తాసిల్దారు ఒక్కరికే ఉండడం. ఆయన నదికి అవతల చిక్కుకుంటే ఇవతలి పల్లెల గతేమిటి? సాయంత్రం అందరి ముందూ ఇవన్నీ చదివాను. ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. ఆయన ఒక్కొక్కటీ రాసుకుని, "ఇంకేటి?" అన్నారు. జీవితంలో నా సందేహాన్ని ఒకరు బహుమతిలా అందుకోవడం అదే మొదలు.

ఆ తరవాత కొన్ని నెలలపాటు పైఅధికారులకు జాబు మీద జాబు రాసి, బియ్యం విషయంలో ఒక వరస మంజూరు చేయించారు: తాసిల్దారు లేకుంటే శిరస్తాదారు, ఆయనా లేకుంటే, ఆ లోపం ఎత్తిచూపిన నేను. దాని నకళ్ళు ఎక్కడెక్కడికో పంపారు. సీనియరు గుమాస్తాలకు అది మంచి వినోదమయింది.

"నాయుడుగోరు పోతే ఏటి సెయ్యాలో నాయుడుగోరే రాసి సంతకమెట్టినారు!"

"పోయాక రాయడం కష్టం గదరా," అన్నారాయన.

పెట్టె ఇకమీదట మిషను బడిలోనే ఉండాలని, దాని మారు తాళపుచెవి రాహేలమ్మగారి దగ్గర ఉంచాలని నాయుడుగారు అన్నారు. దాన్ని కవరులో పెట్టి లక్కముద్ర వేయాలన్నది నా సూచన. మధ్యలో ఎవరైనా తెరిచారో లేదో చూడగానే తెలియాలి గదా!

నేను చేరిన మూడో ఏట నిజమైన గాలివాన వచ్చింది. తెల్లారి గాలి తగ్గాక వెళ్ళి చూస్తే, కచేరీ పెంకులు వీధంతా పరుచుకుని ఉన్నాయి. దూలం విరిగి తలుపుకు అడ్డంగా పడింది. తాసిల్దారు తనిఖీకి వెళ్ళి నది అవతలే ఆగిపోయారు, పడవలు లేవు. నాయుడుగారు సొంతూరికి వెళ్ళారు. ఆ దారిలో కల్వర్టు కొట్టుకుపోయింది. సముద్రపొడ్డున మూడు పల్లెల్లో ఇళ్ళు పడిపోయి, జనం ఇసుకదిబ్బల మీద ఉన్నారని తడిసి ముద్దయిన మనిషి ఒకడు వచ్చి చెప్పాడు. వాళ్ళ దగ్గర గింజ లేదు.

నా కాళ్ళు వాటంతటవే మిషను బడికి నడిచాయి. రాహేలమ్మగారు వరండా తుడిపించి, కవరు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ముద్ర సూసుకో బాబూ, ముందది సూసుకో," అన్నారు. చూశాను. చెక్కుచెదరలేదు. పెట్టె తెరిచి మైనపుగుడ్డ విప్పితే కాగితాలన్నీ పొడిగా ఉన్నాయి. ఆలోగా మిగతా గుమాస్తాలు, అప్పన్న, ఎవరూ పిలవకుండానే వచ్చి తమ తమ బల్లల దగ్గర కూర్చున్నారు.

ఉత్తర్వు రాసి, ముద్ర వేసి గోదాముకు తీసుకెళ్ళాను. అక్కడి గుమాస్తా చేతులు కట్టుకున్నాడు.

"తాసిల్దారుగారి సంతకం నేకుండా గింజ కదల్దు. నువ్వెవుడివి?"

"మీ ఫైలు తియ్యండి. పైనుంచి మూడో కాగితం."

తీశాడు. వేలితో వరస వెంట చదివాడు. "ఇదేటిది! నా కాడే ఉన్నాది!" అని తల గోక్కుని, హమాలీలను కేకేశాడు. మధ్యాహ్నం కాకముందే బియ్యం బళ్ళు మూడు పల్లెల వైపూ సాగిపోయాయి.

మూడింటికి వరండా ముందు జనం బారులు తీరి ఉండగా, నడుందాకా బురద పట్టిన మనిషి ఒకాయన పక్కనుంచి రాబోయాడు. "ఓ మావా, లైన్లో నిలబడు!" అని అప్పన్న కసిరాడు. ఆయన వెనక్కి వెళ్ళి లైన్లో నిలబడ్డాడు. వంతు వచ్చి నా బల్ల ముందుకు చేరాక తల ఎత్తి చూశాను. నాయుడుగారు.

"నాకోసరం ఎవులైనా ఎతికినారేటి?" అన్నారు.

ఆలోచించాను. నిజమే చెప్పాలి. "లేదండీ."

ఆయన ముఖం వెలిగిపోయింది. బురద చేతులతోనే బల్ల మీద చరిచి, వరండా అంతా వినబడేలా నవ్వారు. అప్పన్న నాలుక కరుచుకున్నాడు. "ఒకే ఒక్కసారి పనిచేసింది, అది రుజువు కాదండీ," అని నేను అనబోతే, "అయితే వచ్చే ఏడూ తాళమేద్దాం," అన్నారు.

వేశాం. ఆ తరవాత నేను ఉద్యోగం మారి, పరీక్షలు జరిపే ప్రయోగశాలలో చేరి, చివరికి దానికి అధిపతినయ్యాను. ఏడాదికొక రోజు తాళం వేయిస్తూనే వచ్చాను. పదవీవిరమణ చేసి నెల గడిచింది. ఏ పరికరం ఎక్కడుందని గాని, ఏ కాగితం ఎవరు సంతకం చేయాలని గాని అడగడానికి అక్కడినుంచి ఇంతవరకు ఒక్క ఫోనూ రాలేదు. రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ ఆ మూగ ఫోను వైపు చూసి, గర్వంగా మీసం దువ్వుకుంటున్నాను.